వదలని అక్షరం

నాటకశాల, మేడమీది గది
మధ్యాహ్నం ఆటకు ముందు

చిట్టికి,

వదిన ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటని అనుమానం వస్తుంది నీకు. మా ఇంట్లో ఫోనంటే వీధి కుళాయి. మీ అన్నయ్య స్పీకర్లో పెట్టనిదే మాట్లాడరు, పక్కింటివాళ్ళతో సహా అందరూ వచ్చి బిందెలు పెట్టేస్తారు. మెసేజీ పెడదామంటే నాకొచ్చినవి కూడా ఆయనే ముందు చదివి, రాగం తీసి నాకు వినిపిస్తారు. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు. అందుకే నువ్వు పనిచేసే చోటికి రాస్తున్నాను. జవాబు నాటకశాలకే రాయి.

సంగతేమిటంటే, నా కీబోర్డుకి నత్తి పట్టుకుంది.

నా పని నీకు తెలిసిందే. స్టేజీ పక్కన నల్లటి పలక వేలాడుతుంటుంది. నటులు మాట్లాడేది నేను పైన కూర్చుని కొడుతుంటే దానిమీద వెలుగు అక్షరాల్లో పడుతుంది. చెవులు వినపడనివాళ్ళు అది చదువుకుంటూ ఆట చూస్తారు. 'మాటలన్నీ ముందే ఎక్కించి పెట్టుకోవచ్చుగా' అని ఓసారి అడిగావు. మావాళ్ళు రాసింది రాసినట్టు చెబితేగా! ఒకడు రెండు వాక్యాలు మింగేస్తాడు, ఇంకొకడు నాలుగు కక్కుతాడు. విన్నది విన్నట్టు కొట్టాల్సిందే.

ఈమధ్య ఓ కొత్త కంప్యూటర్ తెచ్చిపెట్టారు. అప్పట్నుంచీ మొదలైంది. ఇప్పుడాడుతున్న నాటకంలో ముసలిరాజు చనిపోయిన కొడుకు పక్కన కూలబడతాడు. చాలాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత "నాయనా, లే" అంటాడు. హాలంతా కళ్ళు తుడుచుకునే చోటు. మొన్న నా పలకమీద ఏం పడిందో తెలుసా? "నననననననననననననననాయనా, లే." ముందు వరసలవాళ్ళు పగలబడి నవ్వారు. రాజు వేషం వేసే మా పెద్ద నటుడికి ఎందుకు నవ్వుతున్నారో తెలియక, మీసం ఊడిందేమోనని శవం పక్కన కూర్చునే తడుముకున్నాడు. దాంతో వెనక వరసలు కూడా నవ్వాయి.

ఒక మీట నొక్కి వదిలేస్తాను. అది మాత్రం నన్ను వదలదు. ఇంకో మీట నొక్కితేగానీ ఆగదు. నువ్వు కంప్యూటర్లకి వైద్యం చేస్తావుగా, దీనికేదైనా మందు చెప్పు. కీబోర్డే పాడైపోయి ఉంటుంది. అంతే అయ్యుంటుంది. ఇంకేం ఉంటుంది?

మీ వదిన

*

రిపేరు షాపు, వెనకవైపు బల్ల

వదినకి,

నమస్కారాలు. మీసం దగ్గరికొచ్చేసరికి నేను నవ్విన నవ్వుకి పక్క బల్లమీది కుర్రాడు స్క్రూలన్నీ కింద పోసుకున్నాడు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ముందు కీబోర్డు బోర్లించి దులుపు. ఏం రాలాయో రాయి, సిగ్గుపడకు. ఇక్కడికొచ్చే కీబోర్డుల్లోంచి నేను గోళ్ళు, గింజలు, ఒకసారి ముక్కుపుడక కూడా తీశాను. తర్వాత ఆఫీసు గదిలోంచి వేరే కీబోర్డు తెచ్చి నీ కంప్యూటర్‌కి తగిలించి చూడు. నీది ఇంటికి పట్టుకెళ్ళి ఇంటి కంప్యూటర్‌కి తగిలించి చూడు.

వంటింట్లో కాలుతున్న వాసనొస్తే ఏం చేస్తాం? ఒక్కో పొయ్యీ ఆపి చూస్తాం. అన్నీ ఒకేసారి ఆపేస్తే వాసన పోతుంది గానీ, మాడింది ఏదో తెలియదు. ఇదీ అంతే. ఒకసారికి ఒక్కటే మార్చు.

దొంగ కీబోర్డు కాకపోతే డ్రైవర్ అయ్యుండాలి. 'కీబోర్డుకి డ్రైవరెందుకే, అదెక్కడికి పోతుంది' అనకు. కంప్యూటర్ లోపల ఉండే చిన్న ప్రోగ్రాం అది. కీబోర్డు భాష కంప్యూటర్‌కి రాదు, మధ్యలో ఇదే దుబాసీ. నువ్వు మీట నొక్కితే "నొక్కారు" అని, వేలు తీస్తే "వదిలారు" అని రెండు కబుర్లు చేరవేస్తుంది. రెండో కబురు దారిలో జారిపోతే, కంప్యూటర్ పాపం నువ్వింకా నొక్కే ఉన్నావనుకుంటుంది.

అన్నయ్యకి ఎందుకు చెప్పకూడదో మాత్రం నాకు అర్థం కాలేదు. కీబోర్డు పాడైతే వాడేమంటాడు?

నీ చిట్టి

*

నాటకశాల, మేడమీది గది

చిట్టికి,

ఆశీస్సులు. దులిపాను. బిస్కెట్టు పొడి, ఒక చొక్కా గుండీ, ఎప్పుడో చచ్చిన చీమ. చీమ నాది కాదు.

ఆఫీసు గది కీబోర్డు తెచ్చి పెట్టాను. దానికీ నత్తే. నాది ఇంటికి పట్టుకెళ్ళి మీ అన్నయ్య కూరలకి వెళ్ళినప్పుడు కొట్టి చూశాను. ఒక్క అక్షరం తడబడితే ఒట్టు! ముత్యాల్లా పడ్డాయి. అంటే కీబోర్డు తప్పేం లేదు. ఇక మిగిలింది ఎవరో నువ్వు చెప్పనక్కర్లేదు.

నిన్న మేనేజరుగారు పైకొచ్చారు. ఆయన మెట్లెక్కడం నేను చూడటం ఇదే మొదటిసారి. కుర్చీ తుడుచుకుని కూర్చుని, "అమ్మా, మీరు చాలా ఏళ్ళు కష్టపడ్డారు" అన్నారు. ఈ మాటతో మొదలైన సంభాషణ మంచిగా ముగియడం నువ్వెప్పుడైనా చూశావా? ఈ నాటకం అయ్యాక విశ్రాంతి తీసుకోమన్నారు. మాట వింటే దానంతటదే రాసుకునే యంత్రం ఒకటి వచ్చిందట. "కొత్త కంప్యూటర్ వచ్చాకే ఇలా అవుతోందండీ" అన్నాను. మెట్లమీద నిలబడి వింటున్న పెద్ద నటుడు కిందినుంచే అందుకున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఎవరో!"

నేను కీబోర్డుమీద గుడ్డ కప్పేశాను.

నాకే వింతగా ఉంది చిట్టీ. బుధవారాలు హాస్యనాటకం ఆడతారు. అందులో మొగుడూ పెళ్ళాం గంటసేపు ఊపిరి తీసుకోకుండా పోట్లాడుకుంటారు. నా వేళ్ళు విరుగుతాయి, కానీ ఒక్కసారి కూడా నత్తి రాలేదు. ఈ ఏడుపు నాటకంలోనే వస్తోంది. అదీ గుండె పట్టేసే చోట్లే. దుఃఖం చూసి చెయ్యి తడబడుతోందేమో మరి. మా అమ్మకి కూడా ఇలాగే ముందు వేళ్ళలో

ఆ వాక్యం కొట్టేశాను, చదవకు.

మీ అన్నయ్య సంగతి వేరే కథ. నా సంచీలో స్టాంపులు చూశారు. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి మనిద్దరం గుట్టుగా ఏదో ఏర్పాటు చేస్తున్నామని తేల్చేసుకున్నారు. రోజూ భోజనం దగ్గర గాలిలోకి చూస్తూ, "అరవైలో సైకిలు తొక్కితే మోకాళ్ళకి మంచిదట" అంటున్నారు. నిన్న రంగు కూడా చెప్పారు. నీలం.

మీ వదిన

*

రిపేరు షాపు
పని పక్కన పడేసి రాస్తున్నది

వదినా!

నమస్కారాలు తర్వాత. నువ్వే కనిపెట్టేసి, కనిపెట్టినట్టు తెలియక కూర్చున్నావు!

హాస్యనాటకంలో ఊపిరి తీసుకోరు అన్నావు. ఏడుపు నాటకంలో రాజు చాలాసేపు మాట్లాడడు అన్నావు. అప్పుడు నువ్వేం చేస్తుంటావు? చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తుంటావు. ఆ కాసేపూ ఒక్క మీటా నొక్కవు. మళ్ళీ నొక్కిన మొదటి అక్షరమే కదూ పట్టుకు కూర్చునేది? 'నాయనా'లో 'న'యే కదూ? 'లే'లో 'ల' ఎప్పుడైనా పట్టుకుందా?

కొన్ని కొత్త డ్రైవర్లకి కరెంటు పొదుపు ఎక్కువ. కాసేపు ఎవరూ పలకరించకపోతే కీబోర్డుని పడుకోబెట్టి, తామూ కునుకు తీస్తాయి. నువ్వు మీట నొక్కగానే ఉలిక్కిపడి లేస్తాయి. "నొక్కారు" అన్నది వినబడుతుంది. కళ్ళు నులుముకునేలోపు నువ్వు వేలు తీసేస్తావు. "వదిలారు" అన్నది వినబడదు. ఇంట్లో కంప్యూటర్లో ఈ డ్రైవర్ లేదు, అందుకే ముత్యాలు రాలాయి. కొట్టేది నువ్వైనా నీ మేనేజరైనా దానికి ఒకటే.

ఇది నా ఊహ. ఊహని నమ్మకు, పరీక్ష పెట్టు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకరిని నీ కుర్చీలో కూర్చోబెట్టు. ముందు గబగబా కొట్టమను. తర్వాత చేతులు తీయించి, ఓ టీ తాగేంతసేపు ఊరుకుని, మళ్ళీ కొట్టమను. టీ తర్వాతే నత్తి వస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు సెట్టింగుల్లో కీబోర్డు పేరు వెతికి, దాని డ్రైవర్ పేజీ తెరువు. పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్ళమనే బటన్ ఉంటుంది, నొక్కు. పక్క పేజీలో 'కరెంటు ఆదా కోసం దీన్ని ఆపవచ్చు' అన్నచోట టిక్కుంటే తీసెయ్. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టి, అదే పరీక్ష మళ్ళీ చెయ్యి. పోయిందనుకోవడం కాదు, పోయిందని చూడాలి.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళకి నా మాటగా చెప్పు: ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు.

ఇక నువ్వు కొట్టేసిన వాక్యం. వదినా, నువ్వు దానిమీద గీసింది ఒక్క గీత. రోజంతా తెగిన తీగలు వెతికే దానికి గీత కింద అక్షరాలు కనబడవా? మీ అమ్మగారి చేతులు నాకు గుర్తున్నాయి. ఆఖరి రోజుల్లో గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. నువ్వు నన్ను అడగాలనుకున్నది కీబోర్డు గురించి కాదని ఇప్పుడు తెలిసింది. కీబోర్డు సంగతి నేను చెప్పగలను. చేతి సంగతి డాక్టరు చెప్పాలి. ఒకదాని జవాబు రెండోదానికి అతికించుకోకు.

చిట్టి

*

నాటకశాల, మేడమీది గది
శనివారం, చాలా సంతోషంగా

చిట్టికి,

నూరేళ్ళు చల్లగా ఉండు!

పరీక్షకి లైట్లు వేసే ఆయన్ని పిలిచాను. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ అరటికాయంత. "నాకు టైపు రాదమ్మా" అన్నాడు. "అందుకే పిలిచాను" అన్నాను. గబగబా కొట్టమంటే తప్పుల తడకే గానీ నత్తి లేదు. తర్వాత ఇద్దరం టీ తాగాం. తాగినంతసేపూ, ఆయన చెయ్యి కీబోర్డు వైపు పోకుండా వాళ్ళ బావమరిది పెళ్ళి సంబంధాల గురించి అడుగుతూ కూర్చున్నాను. కప్పు దించి 'దీపం' అని కొట్టాడు.

"దదదదదదదదదదదదదదీపం."

నేను ఎగిరి గంతేశాను. పాపం, ఏదో పేలుతుందేమోనని ఆయన బల్ల కిందికి దూరాడు.

ఆ చప్పుడుకి మేనేజరూ, పెద్ద నటుడూ పైకొచ్చారు. నేనేం వాదించలేదు. "కూర్చోండి" అని పెద్ద నటుణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపు ఊరుకోమన్నాను. ఊరుకోవడం ఆయనకి కొత్త, చాలా కష్టపడ్డాడు. తర్వాత ఆయన పేరే కొట్టమన్నాను. మొదటి అక్షరం పలక ఈ చివరనుంచి ఆ చివరదాకా పాకింది. మేనేజరు దానికేసి చూసి, ఆయనకేసి చూసి, మెల్లగా అన్నారు.

"మీక్కూడా విశ్రాంతి అవసరమేమో సార్."

పెద్ద నటుడు లేచి, "మద్దెల ఓడే" అన్నాడు. అంతకన్నా ఆయన నోట క్షమాపణ రాదులే.

నువ్వు చెప్పినట్టే పాత డ్రైవర్‌కి వెళ్ళాను, టిక్కు తీసేశాను, మళ్ళీ టీ తాగి చూశాను. లైట్లాయన నాలుగో కప్పు దగ్గర చేతులెత్తేశాడు. నత్తి పోయింది. మేనేజరు యంత్రం మాట మళ్ళీ ఎత్తలేదు. మెట్లెక్కిన ఆయాసంతో మర్చిపోయారో, నిజంగానే మానుకున్నారో!

ఇంకొకటి విను. ముందు వరసలో ఎప్పుడూ ఒకావిడ కూర్చుంటుంది. బట్టలు కుడుతుంది, పుట్టుకతోనే వినపడదు. మొన్న ఆటయ్యాక చీటీ పంపింది. "రాజుకి ఏమైంది? వెనకటి వారాల్లో చాలాసేపు ఏడ్చేవాడు. మొదట నవ్వొచ్చినా తర్వాత ఒళ్ళు జలదరించేది. ఒక మనిషి ఎంతసేపు ఏడుస్తాడో మాకు చదివి తెలిసింది అప్పుడే. ఈవేళ చప్పున ఏడ్చి ముగించేశాడే!" నేను ఆ చీటీ చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ వాళ్ళకి మాటలే ఇచ్చాను గానీ, మాట ఎంత పొడుగో ఇవ్వలేదు. ఇప్పుడు ఆ ఒక్క చోట రాజు గొంతు ఎంతసేపు సాగితే అంతసేపు నేనే మీటమీద వేలు ఉంచుతున్నాను. అంతకుమించి ఒక్క అక్షరం పడనివ్వను.

చేతి సంగతి అడిగావు. కీబోర్డు బాగయిందిగా, ఇంకేం? నిన్న కొత్త సీసా మూత ఒక్క తిప్పుకి ఊడొచ్చింది. ఈమధ్య ఏ డబ్బా అయినా అంతే. నా చేతిలో ఇంత బలం పెళ్ళినాడు కూడా లేదు. డాక్టరుకి వేరే పనుంటుంది, వదిలెయ్.

మీ వదిన

*

రిపేరు షాపు

వదినా,

అన్నయ్య ఫోన్ చేశాడు. ఇంట్లోంచి కాదు, క్షవరం చేయించుకునే షాపులోంచి. మొహానికి నురగ ఉన్నట్టుంది, సగం మాటలు బుడగల్లా వచ్చాయి.

"చిట్టీ, మీ వదిన చేతులకి ఏమైందో నీకేమైనా చెప్పిందా? నాకు చెప్పట్లేదు. నేను అడిగితే భయపడుతుంది. పొద్దున్నే లేచి సీసాల మూతలన్నీ నేనే వదులు చేసి పెడుతున్నాను. కొత్త సీసాలు కూడా. దానికి తెలియనివ్వకు."

తెలియనివ్వనని మాటిచ్చాను. ఇదిగో, తప్పుతున్నాను. మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ, ఒక్క డాక్టరు దగ్గరికి తప్ప అన్ని చోట్లకీ తిరుగుతున్నారు. ఇక నాకు ఉత్తరం రాస్తే డాక్టరు ఏమన్నాడో అదే రాయి. లేకపోతే రాయకు.

సైకిలు సంగతి నిజమనే నమ్ముతున్నాడు. బెల్లు కుడివైపు ఉండాలట.

చిట్టి

*

ఇంటి వరండా
పట్టపగలు, దాచుకోకుండా

చిట్టికి,

ఆశీస్సులు. నీమీద కోపంతో రెండు వారాలు రాయకూడదనుకున్నాను. నాలుగు రోజుల్లో అయిపోయింది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వంటింట్లోకి ఆయనకంటే ముందు వెళ్ళి ఒక మూలన నిలబడ్డాను. కాసేపటికి మీ అన్నయ్య పిల్లిలా వచ్చారు. అలమర తెరిచి, ఒక్కో సీసా తీసి, మూత తిప్పి, మళ్ళీ పైపైన పెట్టి, వరస చెదరకుండా సర్దారు. ఒకటి బిగుసుకుంటే చొక్కా అంచుతో పట్టుకుని పళ్ళు బిగించారు. ఎదురుగా నేను కనబడగానే చేతిలో సీసాతో అలాగే నిలబడిపోయారు.

"చీమలు పట్టాయేమోనని చూస్తున్నా" అన్నారు.

"ఎన్నాళ్ళనుంచి చీమలు?" అన్నాను.

ఆయన సీసా కింద పెట్టి నా కుడిచెయ్యి పట్టుకున్నారు. "నువ్వు చెబుతావేమోనని చూశాను. చెప్పకపోతే అంత పెద్దదేమోనని భయమేసింది. అడగలేకపోయాను" అన్నారు. అప్పుడు ఏడ్చాను చిట్టీ. అమ్మ గ్లాసు దగ్గర్నుంచీ అన్నీ చెప్పాను. మూత వదులైన ఉప్పుసీసా ఎప్పుడు ఒరిగిందో, నేలంతా ఉప్పు. ఇద్దరం దానిమీదే నిలబడి ఉన్నాం.

ఇక నువ్వు అడిగింది. డాక్టరమ్మ అచ్చం నీలాగే చేసింది. ఒక వేలు తర్వాత ఒక వేలు, ఒక నరం తర్వాత ఒక నరం. అమ్మకొచ్చిన జబ్బు కాదట. ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి మణికట్టు దగ్గర నరం నలిగిందట. పట్టు తగ్గడం దానివల్లే, అలిసినప్పుడు వణకడమూ దానివల్లే. పట్టీ ఇచ్చింది, వ్యాయామాలు చెప్పింది. "పూర్తిగా పోతుందా?" అన్నాను. "కొంత ఉండొచ్చు. మీ పని మీరు చేసుకోవచ్చు, మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వండి" అంది. విశ్రాంతి మాట ఎవరన్నా ఈమధ్య నాకు ఉలుకు. కానీ ఈవిడ అంటే బాగుంది.

మేనేజరుకి నేనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, వారానికి మూడాటలే ఇస్తానన్నారు. మిగతావాటికి నేనే ఒకరిని తయారు చెయ్యాలట. సరేనన్నాను.

నిన్న ఆ ఏడుపు నాటకానికి ఆఖరి ఆట. మీ అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. కొడుకు చనిపోయే చోటు వచ్చింది. రాజు కూలబడ్డాడు. ఊరుకున్నాడు. ఎప్పుడూ ఊరుకునేంతసేపూ అయిపోయింది. ఇంకా ఊరుకున్నాడు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. పెద్ద నటుడి కళ్ళు నేలమీద ఏదో వెతుకుతున్నాయి. మాట మర్చిపోయాడు! ఆ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు! పక్కన శవంగా పడుకున్న అబ్బాయి పెదవి కదపకుండా ఏదో గొణుగుతున్నాడు గానీ ఈయనకి వినబడటం లేదు.

నా పని విన్నది కొట్టడం. వినకుండా ఒక్క అక్షరం ఏనాడూ కొట్టలేదు. చెయ్యి మీటమీద పెట్టాను. పట్టీ కింద వణుకుతోంది. అయినా నొక్కాను. "నాయనా, లే." సాగదీయడానికి గొంతే లేదుగా, పలకమీద నాయనా ఒక్క 'న'తోనే శుభ్రంగా పడింది. ముందు వరసలవాళ్ళు చదివేశారు. రాజు నోరు ఇంకా తెరవలేదు. ఆ కుట్టుపని ఆవిడ వెనక్కి తిరిగి నా కిటికీకేసి చూసింది.

అప్పుడు రాజు మెల్లగా తల తిప్పి పలక చదివాడు. చదివి, కొడుకు మొహం మీదికి వంగి, "నాయనా, లే" అన్నాడు. ఆ మాట అంత నిజంగా ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆటయ్యాక మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, "ఆ మౌనం చూశావా! అదీ నటనంటే! ఎంత తెగువుంటే అంతసేపు ఊరుకుంటాడు మనిషి!" అని ఒకటే పొగడ్త. పెద్ద నటుడు మా వెనకే దిగుతున్నాడు. విని ఆగిపోయాడు. నాకేసి చూసి, రెండు చేతులూ జోడించి తల వంచి వెళ్ళాడు.

అది తనకే అనుకుని మీ అన్నయ్య కూడా తిరిగి నమస్కారం పెట్టారు.

మీ వదిన